ఆదివారం మాట వినని బండి

ఆదివారం మాత్రమే పాడయ్యే యంత్రాన్ని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. సోమవారం మా బల్ల మీద పెడితే పెళ్లిచూపులకొచ్చిన పిల్లాడిలా ఎంతో బుద్ధిగా ఉండేది. ముందుకు పొమ్మంటే పోయేది, ఆగమంటే ఆగేది. మళ్లీ ఆదివారం వచ్చేసరికి దానికి పూనకం. రిపేరు పనిలో తల నెరిసినవాణ్ణి, చెడిపోయిన వస్తువును చూసి ఎప్పుడూ భయపడలేదు. బాగున్న వస్తువును చూసి భయపడింది మాత్రం ఆ ఒక్కసారే.

ఇప్పుడు దుకాణం లేదు. కళ్లు సహకరించక మూసేశాను. మీలో ఎవరైనా ఈ పనిలోకి వస్తే అక్కరకొస్తుందని ఈ సంగతి రాస్తున్నాను. అక్కరకు రాకపోయినా చదవండి, నష్టమేమీ లేదు.

మా దుకాణం నిజామాబాద్ గంజ్ మార్కెట్ వెనక సందులో ఉండేది. గంజ్‌కు పసుపు వచ్చే రోజుల్లో మా టీ గ్లాసు కూడా పసుపు వాసన వేసేది. దుకాణంలో మేమిద్దరం. నేను తీగలు, బోర్డులు చూసేవాణ్ణి. నా భాగస్వామి మోటార్లు, గేర్లు చూసేవాడు. ఆయన్ని సందంతా భాయ్ అని పిలిచేది, నేనూ అంతే. పేర్లు రాయను. ఇందులో ఉన్నవాళ్లంతా ఇంకా ఈ చుట్టుపక్కలే తిరుగుతున్నారు, రేపు ఎదురుపడితే మొహం చూపించాలి కదా.

రేడియోల కాలం పోయింది, టీవీల కాలం పోయింది, చివరి కొన్నేళ్లు మాకు రిమోట్ కార్లు తిండి పెట్టాయి. పిల్లల ఆటబొమ్మలు అనుకోకండి. ఒక్కోటి చంటిపిల్ల అంత బరువు. పెద్ద చక్రాలు, స్ప్రింగులు, పొలంలో గట్లు దూకే మోటారు. నడిపేవాళ్లు మీసాలొచ్చినవాళ్లు, కొందరికి ఆ మీసాలు నెరిశాయి కూడా. బోధన్ వైపు వరి కోతలయ్యాక ధాన్యం ఆరబోసే కల్లాల మీద ఆదివారం పూట పందేలు పెట్టుకునేవారు. ఆ బండిలో రేడియో పని చాలా చిన్నది. చేతిలోని రిమోట్ గాలిలో ఒక మాట పంపుతుంది, బండిలోని రిసీవర్ ఆ మాట వింటుంది. బండి మీద సన్నటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి నిటారుగా నిలబడి ఉంటుంది, దాని లోపల వెంట్రుకంత తీగ. ఆ తీగ కొసే బండికి చెవి.

ఒక సోమవారం పొద్దున ఒక తల్లి బియ్యం సంచిలో అలాంటి బండిని పెట్టుకుని బోధన్ అవతలి పల్లె నుంచి బస్సులో వచ్చింది. మా ఈడుదే. బండిని పసిపిల్లను దింపినట్టు జాగ్రత్తగా బల్ల మీద దింపింది.

"అన్నా, గీ బండి జర సూడుండ్రి. మా పిలగాడు పంపిండు."

పిల్లగాడు ఏ తరగతో అడుగుదామనుకునేలోపు ఆమె ఫోన్ కలిపి నా చేతికిచ్చింది. అవతల బొంగురు గొంతు. పిల్లగాడికి ముప్పై దాటి ఉంటాయి.

"అన్నా, దగ్గర ఉన్నంతసేపు మంచిగనే వింటది. జర దూరం పోంగనే బద్మాష్ అయితది. ఆగు అంటె ఆగదు, మలుపు అంటె మలగదు. మొన్న పోయి వడ్ల కుప్పల దూరింది."

సందులోకి తీసుకెళ్లి నడిపాను. సందు చివర కిరాణా కొట్టు దాకా పోయి, మలుపు తిరిగి, నా కాళ్ల దగ్గరికి వచ్చి ఆగింది. మళ్లీ నడిపాను, మళ్లీ అంతే. ఇలాంటప్పుడు రిపేరువాడికి సిగ్గేస్తుంది, ఏమీ చేయకుండా పంపలేడు. బ్యాటరీ తీగల టంకం మళ్లీ వేశాను, రిసీవర్ తుడిచాను, భాయ్ గేర్లలో మట్టి తీశాడు. ఆమె సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

తరువాతి సోమవారం మళ్లీ ఆమే, మళ్లీ ఆ సంచే.

"మీ దుకాణంల నుంచి ఇంటికి తెచ్చిన దినమే మల్ల సురువాయె అన్నా," అంది. కోపంగా అనలేదు, పాపం. నాకే మండింది. మా దుకాణం గాలి సోకితే బండి చెడిపోతుందా? ఈసారి రిసీవరే మార్చేశాను. రిమోట్ విప్పి చూశాను. ఆ రకం రిసీవర్‌కు ఒక చెడ్డ గుణం ఉంది. మాట వినపడకపోతే ఆగిపోదు, ఆఖరికి విన్న మాటే పట్టుకుని పోతూనే ఉంటుంది. ఆ సంగతి చెబితే భాయ్, "మా బామ్మర్ది లెక్కనే," అన్నాడు.

మూడోసారి వచ్చినప్పుడు ఇక నేను ఆ కొడుకును ఫోన్‌లో పోలీసులు అడిగినట్టు అడిగాను. ఎక్కడ, ఎంత దూరంలో, ఎప్పుడు అని. ఆయన కాస్త తటపటాయించి చెప్పాడు.

"చెప్తె నవ్వుతరన్నా. ఆదివారం అయితె అసలే వినదు. బుధవారం, గురువారం వచ్చేసరికి జర నయమైతది."

"రేడియోకు వారాలెట్ల తెలుస్తయి తమ్మీ?"

"గదే నాకు సమజ్ అయితలేదు."

నాకూ సమజ్ కాలేదు, కానీ చెప్పకేం, సంతోషం కూడా వేసింది. ఎండకు చెడిపోయే బోర్డును చూశాను, వానకు చెడిపోయేదాన్ని చూశాను, ఎలుక దూరితే చెడిపోయేదాన్ని చూశాను. వారం చూసుకుని చెడిపోయేదాన్ని చూడలేదు. ఈ వయసులో కొత్త జబ్బు దొరికిందని నాలో నేను మురిసిపోతుంటే, భాయ్ స్క్రూడ్రైవర్ బల్ల మీద పడేసి తన మామూలు ధోరణిలో అనేశాడు.

"అరె, మోటర్ కడక్ ఉన్నది. గేర్లు కడక్ ఉన్నయి. రేడియో నువ్వు కొత్తదే ఏసినవ్. ఇగ మిగిలింది ఏంది? నడిపెటోని చేతులే!"

ఫోన్ స్పీకర్‌లో ఉంది.  "హలో, తమ్మీ," అన్నాను. లైను కట్టయింది.

ఆ తల్లి మొహం చూడాలి. భాయ్ నాలుక కరుచుకుని, "ఊరికె మజాక్ చేసిన అక్కా," అన్నాడు. ఆమె సంచి అంచును వేళ్లతో నలుపుతూ కూర్చుంది. తరువాత మెల్లగా చెప్పింది. కొడుకు ట్రాక్టర్ డ్రైవరట. ఆ మండలంలో నాట్లకు ముందు పొలం దమ్ము చేయడానికి ఆయనకోసం రైతులు వారం ముందునుంచే ఎదురుచూసేవారట. కాలువ పక్కన దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ పల్టీ కొట్టింది. ప్రాణం దక్కింది, కాళ్లు పోయాయి. అప్పటినుంచి గదిలోంచి బయటికి రాలేదు. ట్రాక్టర్ అడ్డా మీది దోస్తులు తలా ఇంత వేసుకుని ఈ బొమ్మబండి తెచ్చి చేతిలో పెట్టారు. దాన్ని నడపడానికని చక్రాల కుర్చీలో కూర్చుని మొదటిసారి కల్లం దాకా వచ్చాడట.

"మంచిగ నవ్వుకుంట నడిపిండన్నా ఒక నెల. ఎంత బాగ నడిపిండని ఊరంత మెచ్చుకునిరి. గీ రోగం ఎక్కడిదో సొచ్చింది దానికి. ఇప్పుడు ఊర్లె ఏమంటుండ్రు? పెద్ద బండి గట్లనే, సిన్న బండి గిట్లనే అంటుండ్రు. వాడు గూడ రాత్రంత చేతులు సూసుకుంట కూసుంటడు. గట్టు కూలిందా అవ్వా, నా చెయ్యే తప్పిందా అని అడుగుతడు. నేనేం సెప్పాలె? నేను సూసిన్నా? గీ ఆదివారం గూడ గట్లనే అయితె బండి అటకెక్కిస్త అన్నడు. బండి అటకెక్కితె వాడు మంచమెక్కుతడు."

మా వైపు తల్లిని అవ్వ అంటారు. ఆ మాట ఆమె కొడుకు గొంతుతో అన్నట్టే అంది.

ఆమె బండిని సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది. నాకున్న కుతూహలమంతా నీరుకారిపోయింది. నేను జబ్బు కొత్తదని మురిసిపోతున్నాను, అక్కడ ఒక మనిషి తన చేతులను అనుమానిస్తున్నాడు. భాయ్ టీ కూడా తాగలేదు. చివరికి ఆయనే అన్నాడు.

"ఆదివారం పోదాం. ఆదివారమే గదా దానికి బుఖార్ వచ్చేది? జొరం ఉన్నప్పుడే సూడాలె."

నా స్కూటర్ మీద ఇద్దరం, వెనక సామాన్ల పెట్టె. బోధన్ దాటాక రోడ్డు పొడుగునా చెరుకు ట్రాక్టర్లు, వాటి వెనకే మేము. ఊరు చేరేసరికి కల్లం దగ్గర జనం చేరారు. కుర్చీలో ఆయన ఉన్నాడు. బలమైన భుజాలు, ఒళ్లో దుప్పటి, దుప్పటి మీద రిమోట్. నన్ను చూసి దండం పెట్టాడు. భాయ్ నేరుగా ఆయన దగ్గరికి పోయి కూర్చుని, "తమ్మీ, నా నోటికి లగామ్ లేదు. మాఫ్ చెయ్యి," అన్నాడు.

"నువ్వన్నది తప్పేముంది భాయ్? నేను గదే అనుకుంటున్న," అన్నాడాయన.

బండి ముస్తాబై నిలబడి ఉంది. ముందు పసుపు బొట్టు, కుంకుమ, గొట్టం పైకొసకు తీగతో కట్టిన నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు, బొగ్గుముక్క. ఆయన నడిపాడు. కాస్త దూరం పోయేదాకా ఎంత ముచ్చటగా నడిచిందో. మలుపు దగ్గర ఆయన బొటనవేలు కదిలింది, నేను కళ్లారా చూశాను. బండి తిరగలేదు. తిన్నగా పోయి ధాన్యం మీద కప్పిన టార్పాలిన్ పట్టాను ఢీకొట్టి వెల్లకిలా పడింది. జనంలో ఎవడో నవ్వాడు. ఆయన రిమోట్‌ను దుప్పటి మీద పెట్టేశాడు.

నేను తీసుకుని నడిపాను. నాకూ అంతే అయింది. "సూసినవా, నీ చేతులు గావు!" అని భాయ్ గట్టిగా అరిచాడు. ఆయన నమ్మలేదు. "మీ దుకాణంల మంచిగ నడిచింది గదా మరి? నా దగ్గరికొస్తెనే గిట్లయితది. నేను ముట్టుకున్నదే గిట్లయితది," అన్నాడు.

ఇక నేను వేటకుక్కలా తిరిగాను. కల్లం పక్కన ట్రాన్స్‌ఫార్మర్ ఉంది, దాని నుంచి దూరంగా తీసుకెళ్లాను. అక్కడా అంతే. ఫోన్ టవర్ వైపు వీపు పెట్టి నడిపాను. అంతే. కరెంటు తీగలు లేని పొలంలోకి దింపాను. అంతే. జనం ఒక్కొక్కరే ఒక్కో సలహా ఇచ్చారు. ఒకాయన ఆ కల్లం కిందే పాత సమాధి ఉందన్నాడు. నాకు చెమటలు పట్టాయి, ఎండకో అవమానానికో తెలియదు.

రిసీవర్ విప్పి చూడాలి, టంకం కడ్డీ వేడెక్కాలంటే కరెంటు కావాలి. ఆ వేళకు ఊళ్లో కరెంటు లేదు. పక్కింటి రైతు, కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ కుటుంబానికి చెందినాయన, "మా ఇంట్లో ఇన్వర్టర్ ఉందండీ, లోపలికొచ్చి చూసుకోండి," అన్నాడు. బండిని ఎత్తుకుని ఆయన గడప దగ్గరికి వెళ్లాను. వెనకనుంచి తల్లి పరుగెత్తుకొచ్చింది.

"ఆగుండ్రి, ఆగుండ్రి అన్నా! గా నిమ్మకాయతోని మంది ఇంటి గడప తొక్కద్దు. మన దిష్టి ఆల్లకెందుకు?"

గబగబా తీగ విప్పి, నిమ్మకాయ తీసుకుని, మూడు దారులు కలిసే చోట పడేసి వచ్చింది. నేను లోపలికి వెళ్లి రిసీవర్ విప్పాను, ఏ లోపమూ కనపడలేదు, మళ్లీ బిగించాను. ఊరికే చూద్దామని ఆ ఇంటి వరండాలోంచి వీధిలోకి తోలాను. గేటు దాటింది, వీధి దాటింది, మూలమలుపులో గేదెను తప్పించుకుని తిరిగి వచ్చింది. మా సందులో నడిచినట్టే నడిచింది. కల్లం మీదికి తెచ్చాం. తల్లి ఎప్పుడు తెచ్చిందో, కొంగులోంచి కొత్త నిమ్మకాయల తీగ తీసి గొట్టం కొసకు నాలుగు చుట్లు గట్టిగా చుట్టింది. బండి మలుపు దాకా పోయి మళ్లీ పిచ్చిదైంది.

అప్పుడు కనపడింది నాకు. పొద్దున్నుంచీ ఆ నిమ్మకాయ నా కళ్ల ముందే వేలాడుతోంది, అయినా నేను చూడలేదు. ఎలా చూస్తాను? మా స్కూటర్‌కు ఉంది, చెరుకు ట్రాక్టర్లకు ఉంది, మా దుకాణం గుమ్మానికి ఉంది. అది లేని బండి ఉంటే చూసి ఆశ్చర్యపోయేవాణ్ణేమో.

"అక్కా," అన్నాను, "మా దుకాణానికి తెచ్చెటప్పుడు గూడ గిది ఇప్పుతవా?"

"ఇప్పనా మరి? నీ దుకాణం మీదికి మా దిష్టి తెస్తనా? బస్సెక్కకముందే తీసి పారేస్త. మల్ల ఇంటికి రాంగనే కొత్తది కడత."

"ఆదివారం?"

"ఆదివారం పొద్దుగాల మారుస్త. ఆటకు నలుగురు వస్తరు గదా, నలుగురి కండ్లు పడతయి. మొదటి నెల మస్తు మెచ్చుకునిరి, గప్పటి సంది కడుతున్న."

భాయ్ నెత్తిన చేయి పెట్టుకుని కూర్చుండిపోయాడు. గాలిలో వచ్చే మాటకు నీళ్లున్న వస్తువు అడ్డం, ఇనుప తీగ ఇంకా అడ్డం. రసం నిండిన నిమ్మకాయను తెచ్చి, సరిగ్గా బండి చెవికే తీగతో చుట్టి కట్టారు. దగ్గర నుంచి అరిస్తే వినపడుతుంది, దూరం నుంచి వినపడదు. బుధవారానికి కాయ వడలి ఎండుతుంది, కాస్త నయమవుతుంది. రేడియోకు వారాలు తెలియవు, నిమ్మకాయకు తెలుసు.

నేను చెబుతుంటే కొడుకు కుర్చీలో ముందుకు వంగాడు. నా మాట మీద నమ్మకం పెట్టేరకం కాదు, మంచిదే. "ఇప్పు అవ్వా," అన్నాడు. విప్పింది. బండి కల్లం ఆ చివరిదాకా పోయి, కుప్పల మధ్యలోంచి పాములా మెలికలు తిరిగి వచ్చింది. "మల్ల కట్టు," అన్నాడు. కట్టింది. మలుపు దాకానే. "మల్ల ఇప్పు." ఇలా ఎన్నిసార్లు చేయించాడో! విప్పిన ప్రతిసారీ ఆయన మొహం కొంచెం కొంచెం విప్పారింది. చివరిసారి తన బొటనవేళ్లను తానే చూసుకుని పకపకా నవ్వాడు. ఇందాక నవ్వినవాడే ముందుగా చప్పట్లు కొట్టాడు. భాయ్ కళ్లు తుడుచుకుంటూ దుమ్ము పడిందన్నాడు. నాకూ పడింది.

తల్లి మాత్రం ఆ సంబరంలో లేదు. పట్టా పక్కన, చేతిలో నిమ్మకాయల తీగ పట్టుకుని నిలబడింది. తన వల్ల కొడుకు ఇన్నాళ్లు మాట పడ్డాడని బాధపడుతోంది అనుకున్నాను. సముదాయిద్దామని పోయాను. ఆమె నా వైపు చూడకుండా అడిగింది.

"అన్నా, గా దినం ట్రాక్టర్‌కు గూడ నేనే కట్టిన. పొద్దుగాల నా చేతులతోనే కట్టిన. గది గూడ గిట్లనే సెవుడైందా?"

 నేను తొందరతొందరగా చెప్పాను.

"లేదక్కా, లేదు! ట్రాక్టర్ గాలిల మాటతోని నడవదు. స్టీరింగ్ నుంచి చక్రం దాక ఇనుప కడ్డీలే ఉంటయి. దానికి గంపెడు నిమ్మకాయలు కట్టినా ఏం గాదు."

"నువ్వు నా మనసు కోసం సెప్తున్నవు."

"నా పని మీద ఒట్టు అక్కా."

ఆమె తల అడ్డంగా ఊపింది. నమ్మలేదు. ఎందుకు నమ్ముతుంది? పొద్దున్నుంచీ ట్రాన్స్‌ఫార్మర్ అన్నాను, టవర్ అన్నాను, అన్నీ తప్పే చెప్పాను. ఆమె వేళ్లు ఆ తీగ చుట్టూ బిగుసుకున్నాయి. తీగ చర్మంలోకి దిగుతోంది.

వెనక కుర్చీ చక్రాల చప్పుడు. ఎప్పుడు వచ్చాడో, ఎంత విన్నాడో. చేయి చాచి తల్లి వేళ్ల నుంచి ఒక్కో చుట్టూ విప్పుతూ, ఏదో మామూలు సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

"గా దినం స్టీరింగ్ నేను ఇటు తిప్పిన అవ్వా. చక్రం తిరిగింది. తిరిగినంక గట్టు జారింది, నా కండ్ల ముంగటనే జారింది. బండి నా మాట విన్నది. గట్టే వినలే."

ఆమె కొడుకు మొహంలోకి చూసింది.

"మరి గిన్ని దినాలు నన్నెందుకు అడిగినవురా, చెయ్యి తప్పిందా అని?"

"తెల్వక అడిగిన. ఇప్పుడు నువ్వు అడిగితె యాదికొచ్చింది."

నిజంగా గుర్తొచ్చిందో, తల్లి కోసం అన్నాడో నేను అడగలేదు. ప్రతి లోపానికీ మూలం కనుక్కునేదాకా నిద్రపోని మనిషిని, ఆ ఒక్కదాన్ని మాత్రం విప్పి చూడలేదు. భాయ్ తన చొక్కా అంచునుంచి పొడుగాటి నూలు పోగు ఒకటి లాగి తెంపి ఇచ్చాడు. నిమ్మకాయను దాంతో బండి వెనక బంపర్‌కు, చెవికి అందనంత కింద కట్టమన్నాను. తల్లి వంగి కట్టడం మొదలుపెట్టింది. ముడి రెండుసార్లు జారింది.

కొడుకు రిమోట్ ఒళ్లోకి తీసుకుని ఆమె వైపు చూశాడు.

"మంచిగ గట్టిగ కట్టు అవ్వా," అన్నాడు. "నలుగురి కండ్లు పడతయి."